చేటలో పేర్చిన పాట

మొన్నామధ్య కొవ్వూరు నుంచి రాజమండ్రి వెళ్లే పాసింజరు రైల్లో నా ఎదుట కూర్చున్న కాలేజీ అమ్మాయి సంచిలోంచి గోళ్లరంగు సీసా తీసి మూత తిప్పింది. రైలు అప్పుడే గోదావరి మీదికి వచ్చింది. నీళ్ల మీంచి గాలి బాగానే వస్తున్నా ఆ ఘాటు వాసన పెట్టె అంతా పరుచుకుంది. పక్కనున్న పెద్దాయన కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నేను మాత్రం కొంచెం ముందుకు వంగి పీల్చాను. ఆ అమ్మాయి నా వంక అనుమానంగా చూసి, "కావాలా ఆంటీ" అని సీసా ఇవ్వబోయింది. "వద్దులేమ్మా, నువ్వు వేసుకో" అన్నాను. అరవై దాటిన నాకు గోళ్లరంగు ఎందుకు. నాకు కావలసింది ఆ వాసనే. స్టెన్సిలు కాగితం మీద తప్పు పడితే పూసే ఎర్రటి మందు సరిగ్గా అదే వాసన వేసేది. ఆ మందు అయిపోయిన రోజున గోళ్లరంగే పూసేవాళ్లం.

స్టెన్సిలు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. మైనం పూసిన పల్చటి కాగితం అది. దాని మీద ఇనుప మొన ఉన్న కలంతో గీకి రాస్తే, ఆ గీతల్లోంచి సిరా దిగి కింద ఎన్ని కాగితాలు పెడితే అన్ని కాపీలు వచ్చేవి. తప్పు పడితే ఆ ఎర్రమందు పూసి, ఆరనిచ్చి, మళ్లీ రాయాలి. ఒక చోట ఒక్కసారే. రెండోసారి గీకితే కాగితం చిరుగుతుంది. అందుకే రాయబోయే ముందే అంతా తేల్చుకోవాలని నాకు నేర్పినావిడ ఎస్తేరమ్మ గారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ గురించి మంచి చెప్పేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. నేను చెప్పబోయేది మంచో చెడో చదివేవాళ్లే తేల్చుకోవాలి. నాకు జరిగిన అన్యాయం మాత్రం దాచిపెట్టి రాయలేను.

ఎస్తేరమ్మ గారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. కొవ్వూరులో నా వయసు వాళ్లలో సగం మంది ఆవిడ చేతుల్లోనే పుట్టారంటారు. పొట్టి మనిషి, తెల్ల నేతచీర, గడియారం ఎప్పుడూ చూసుకునే అలవాటు. మా చర్చి క్వయరును నడిపేది ఆవిడే. క్వయరంటే పద్దెనిమిది మందిమి, నాలుగు గొంతులుగా విడిపోయి ఒకే పాటను నాలుగు వరసల్లో పాడేవాళ్లం. వరసలు పాత ఇంగ్లీషు పుస్తకాల్లోంచి వచ్చేవి. వాటికి తెలుగు మాటలు ఎస్తేరమ్మ గారు కట్టేవారు. నేను చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. రాజమండ్రిలో ఒక ఆఫీసులో టైపిస్టుగా ఉద్యోగం. పాడాలని చేరాను. మా అమ్మ నా పాట బాగుంటుందనేది. మొదటి రోజు హార్మోనియం పక్కన నిలబెట్టి పాడమన్నారు. పాడాను. ఆవిడ కళ్లు మూసుకుని కాసేపు విన్నారు. తరవాత కళ్లు తెరిచి, "నీ చేతిరాత ఎలా ఉంటుందమ్మా" అని అడిగారు.

"బాగానే ఉంటుందండి" అన్నాను, ఆ ప్రశ్న ఎందుకో తెలియక.

"రేపు సాయంత్రం ఇంటికి రా. చిన్న పని ఉంది."

ఆ చిన్న పని ఇరవై ఏళ్లు చేశాను.

పని ఏమిటంటే, స్వరాల కింద అక్షరాలు కూర్చోబెట్టడం. ఐదు గీతల మీద స్వరాలు ఆవిడ రాసేవారు. ఏ స్వరం కింద ఏ అక్షరం రావాలో, అది సరిగ్గా ఆ స్వరం కిందికే వచ్చేలా నేను రాయాలి. వినడానికి పెద్ద పనిలా ఉండదు. కానీ అక్షరం వెంట్రుకవాసి పక్కకు జరిగితే పద్దెనిమిది మందిలో తొమ్మిది మంది ఒక చోట, తొమ్మిది మంది ఇంకో చోట పలుకుతారు. మొదటి రోజు నేను 'అమ్మ' అన్న మాటను రెండు స్వరాల కింద 'అ' ఒకటి, 'మ్మ' ఒకటి రాసి చూపించాను. ఆవిడ కలం కింద పెట్టేశారు.

"అమ్మ అను."

"అమ్మ."

"తాళంలో మొదటి దెబ్బ అయ్యేసరికి నీ పెదాలు ఎక్కడున్నాయి?"

మళ్లీ అని చూసుకున్నాను. "మూసుకున్నాయండి."

"మరి కాగితం మీద తెరిచి పెట్టావేంటి? బళ్లో రాసినట్టు కాదు, నోట్లో పలికినట్టు రాయాలి. అమ్ ఒకటి, మ ఒకటి. నోరు మూసుకునే చోటు తెలిస్తేనే ఎంతసేపు తెరిచి ఉంచాలో తెలుస్తుంది."

కొత్తగా వచ్చినదాన్ని, మొదటి రోజే నోరు మూసుకోవడం గురించి చెప్పించుకున్నాను. అదీ గుర్తుంది.

ఆవిడ పనిచేసే పద్ధతి ఇంకెక్కడా నేను చూడలేదు. స్టెన్సిలు మీద ఒక చోట రెండోసారి దిద్దడానికి వీల్లేదు కనక, ముందు పాటనంతా చేటలో పేర్చేవారు. పొడుగు స్వరానికి బొబ్బర గింజ, పొట్టి స్వరానికి పెసర గింజ. ఒక్కో గొంతుకు ఒక్కో చేట చొప్పున గోడ పక్కన నాలుగు చేటలు. పాత క్యాలెండర్లు కత్తిరించి చేసిన చిన్న చీటీల మీద అక్షరాలు నేను రాయాలి. గింజల కింద చీటీలు పెట్టి, తొడ మీద అరచేత్తో తడుతూ ఆవిడ చదివేవారు. చంటిపిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు తట్టినట్టు మెత్తగా తట్టేవారు. కుదరని చోట చీటీ జరపాలి. అదీ కుదరకపోతే మాటే మార్చాలి. పెద్ద గింజ కింద చిన్న అక్షరం పెడితే ఊరుకునేవారు కాదు. "దీన్ని ఇంతసేపు లాగితే ఇది ఇంకో మాట అయిపోతుంది. పాపం, దానికి అంత బలం ఎక్కడిది" అనేవారు అక్షరం గురించి, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ గురించి మాట్లాడినట్టు. చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు. మే నెలలో, కిటికీలు కూడా మూసిన ఆ గదిలో, చెమట చీటీల మీద పడకుండా ముఖం పక్కకు తిప్పి నేను రాసేదాన్ని. ఒక్కనాడైనా పాపం అనలేదు. నా చెమట తుడుచుకోమని తువ్వాలు మాత్రం ఇచ్చేవారు, అది కూడా అక్షరాలు తడుస్తాయని.

ఇక అసలు సంగతి. మా చర్చిలో ఈస్టరు నాడు తెల్లవారేసరికి అందరం గోదావరి గట్టు మీదికి వెళ్లి, సూర్యుడు పైకి వచ్చే వేళకు పాడే పాట ఒకటి ఉండేది. ఎస్తేరమ్మ గారు కట్టినదే. 'చూడరండి, రాయి లేదే' అని మొదలవుతుంది. యేసు సమాధి దగ్గరికి వెళ్లి, దానికి అడ్డం పెట్టిన రాయి తొలగి ఉండటం చూసిన ఆడవాళ్లు తిరిగి వచ్చి చెప్పే మాట అది. ఆ ఒక్క చరణం ఒక్క గొంతు పాడాలి, మిగతా పదిహేడు మంది దానికి జవాబుగా అందుకోవాలి. ఆ చరణం పాడిన పిల్లను ఊరంతా ఏడాది పొడుగునా గుర్తుపెట్టుకునేవారు. ఆ చరణం నాకు కావాలి. నాకు కావలసినవి జీవితంలో చాలా లేవు, అప్పుడు ఉన్నది అదొక్కటే. ఆ పాటలో ప్రతి చీటీ నా చేత్తో రాసిందే. ఏ గింజ కింద ఏది ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా మొదటి ఏడు ఆ చరణం లీలకు ఇచ్చారు. రెండో ఏడూ లీలకే. లీల ఎస్తేరమ్మ గారి మేనకోడలు, ఆవిడ ఇంట్లోనే ఉండి చదువుకునేది. నన్ను రెండేళ్లూ ఆఖరి వరసలో, హార్మోనియానికి ఆనుకుని నిలబెట్టారు. ఆ హార్మోనియం పెట్టే రొదలో నా పాట నాకే వినపడేది కాదు.

రెండో ఈస్టరు అయిన వారం, మా పాస్టరు అయ్యగారికి ఉత్తరం రాశాను. సొంత మేనకోడలికి చరణం కట్టబెట్టి, కష్టపడినవాళ్లను హార్మోనియం చాటున పెట్టడం దేవుడి ఇంట్లో న్యాయమేనా అని నాలుగు పేజీలు రాశాను. ఆయన దాన్ని అలాగే తీసుకెళ్లి ఎస్తేరమ్మ గారి చేతిలో పెట్టారు. ఆ పని చేసినందుకు ఆయన మీదా నాకు కోపమే. మర్నాడు ఆవిడ కబురు పెట్టారు. వెళ్లేసరికి చేటలు పక్కకు నెట్టి, నా ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ఏమ్మా, అయ్యగారికి ఉత్తరం రాశావంట."

"రాశానండి."

"కూర్చో."

గట్టిగా చదవడం మొదలుపెట్టారు. తొడ మీద తడుతూ, పాట చదివినట్టే చదివారు. సగం పేజీ అయ్యాక ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఇదిగో, 'మేనకోడలు' దగ్గర మొదలెట్టి 'న్యాయమేనా' దాకా ఒకటే పరుగు. మధ్యలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? అయ్యగారికి అసలే ఆయాసం. చదువుతూ చదువుతూ పోతే ఆ పాపం నీకు చుట్టుకుంటుంది."

"నేను రాసింది అబద్ధమాండి?"

"అబద్ధమని నేనన్నానా? నీ ఫిర్యాదు నీది. కానీ బలమైన మాట ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది." పెన్సిలు తీసి, ఆగవలసిన చోటల్లా చిన్న గీత పెట్టారు. నాలుగు పేజీల్లో మూడు పేజీలు కొట్టేశారు. 'కష్టపడినవాళ్లను' అన్న చోట, "ఇక్కడ నన్ను అని రాయి. బహువచనం చాటున దాక్కోకు" అన్నారు. తన మీద నేను రాసిన ఫిర్యాదును నా చేతనే శుభ్రంగా మళ్లీ రాయించి, "పట్టుకెళ్లి అయ్యగారికి ఇచ్చిరా" అని పంపించారు. ఇచ్చాను. అయ్యగారు చదివి, "ఇప్పుడు అర్థమైందమ్మా" అన్నారు. చరణం మాత్రం రాలేదు. ఆ తరవాత నేను రైల్వేకి, మున్సిపాలిటీకి, మా ఆఫీసులో పైవాళ్లకి రాసిన అర్జీలకు లెక్కలేదు. ఒక్కటి కూడా పేజీ దాటలేదు. జవాబు రానివి తక్కువ.

ఇంకో ఏడు ఈస్టరుకు ముందు శనివారం జరిగింది చెప్పాలి. ఆ ఏడు పాటకు నాలుగు గొంతులూ కొత్తగా దిద్దారు. మూడు వారాలు పట్టింది పేర్చడానికి. శుక్రవారం సాయంత్రం ఆఖరి చీటీ కుదిరింది. గాలివాన వచ్చేలా ఉందని చీటీలన్నీ వరస తప్పకుండా తీసి పుస్తకంలో పెట్టారు. గింజలు చేటల్లోనే ఉన్నాయి. శనివారం పొద్దున్నే నేను కొత్త స్టెన్సిళ్లు కొనుక్కుని వెళ్లేసరికి వీధి గుమ్మం దాకా నూనె వాసన వస్తోంది. వంటింట్లో లీల గారెలు వేస్తోంది. ఎస్తేరమ్మ గారు నాలుగు ఖాళీ చేటల ముందు నిలబడి ఉన్నారు.

"చీటీలుంటే పాట అని తెలుస్తుంది గానీ, ఉత్త గింజలు ఉంటే నాకేం తెలుసత్తా" అంటోంది లీల వంటింట్లోంచి. "బొబ్బర్లూ పెసలూ కలిసిపోయి ఉన్నాయి. ఏరలేక రెండూ కలిపే నానబోశా. గారెలు బాగానే వచ్చాయి, చూడు."

"నాలుగు గొంతులూ కలిపి రుబ్బేశావా?" అన్నారు ఎస్తేరమ్మ గారు.

"రుబ్బేశానత్తా."

ఆవిడ అరవలేదు. కుర్చీలో కూర్చుని గడియారం చూసుకున్నారు. సాయంత్రం సాధనకు కాపీలు, మర్నాడు తెల్లవారేసరికి పాట కావాలి. మూడు వారాల పని బాణలిలో ఉంది. నేను నేల మీద కూర్చున్నాను. డబ్బాలోంచి కొత్త గింజలు తీసుకుని మొదటి చేటలో పేర్చడం మొదలుపెట్టాను. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది. మూడో గొంతు రెండో వరసలో మొదట ఏం పెట్టామో, దాన్ని ఎందుకు మార్చామో, ఆ మార్పు దగ్గర ఆవిడ నన్ను ఏమన్నారో కూడా గుర్తుంది. ఏమన్నారో గుర్తుంది కనకే గింజ గుర్తుంది. తిట్టు తిన్న చోటల్లా ఆ గింజ కళ్లకు కట్టినట్టు కనిపించింది. మధ్యాహ్నానికి నాలుగు చేటలూ నిండాయి. ఆవిడ చీటీలు తెచ్చి ఒక్కొక్కటే కింద పెట్టి చూసుకున్నారు. ఒక్కటీ జరపలేదు.

"నీ బుర్రలో ఏదీ చెరగదు కదే" అన్నారు. నన్ను చనువుగా 'కదే' అన్నది అదే మొదటిసారి. పళ్లెంలో రెండు గారెలు తెచ్చి తన చేత్తో ఇచ్చారు. అంతకన్నా మంచి సమయం రాదని అడిగేశాను.

"ఆ చరణం ఈసారి నాకిస్తారా అండి?"

ఆవిడ నా ముఖం వంక చూశారు. "గారె తిను, చల్లారిపోతుంది" అన్నారు.

మర్నాడు గట్టు మీద ఆ చరణం లీలే పాడింది. బాగా పాడింది. ఆ మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

తరవాత కొన్నేళ్లకు లీలకు పెళ్లయి పెద్దాపురం వెళ్లిపోయింది. ఇక మిగిలింది నేనే అనుకున్నాను. ఆ ఏడు ఆఫీసు నుంచి వస్తూ రైలు పెట్టె గుమ్మం దగ్గర నిలబడి, వంతెన చప్పుడులో ఎవరికీ వినపడదని రోజూ ఆ చరణం పాడుకున్నాను. ఈస్టరుకు పది రోజుల ముందు ఎస్తేరమ్మ గారు క్వయరును నిలబెట్టి, "ఈ ఏడు నుంచి ఆ చరణం అందరూ కలిసి పాడతారు. ఒక్కరే పాడక్కర్లేదు" అన్నారు. కారణం చెప్పలేదు. అంతకుముందు ఇంకొకరికి ఇచ్చారు, అది ఒక రకం. ఇప్పుడు నాకు ఇవ్వాల్సి వస్తుందని ఆ చరణాన్నే తీసేశారు. నాలుగు నెలలు ఆవిడతో మాట్లాడలేదు. పని మానలేదు. స్టెన్సిళ్లు రాసి, చుట్టి, వీధి గుమ్మం దగ్గర పెట్టి తలుపు కొట్టి వచ్చేసేదాన్ని. తప్పులుంటే పెన్సిలుతో గీత పెట్టి మళ్లీ గుమ్మం దగ్గరే పెట్టేవారు. వర్షాలు మొదలయ్యాక ఒకరోజు, తడిసిపోతాయని ఆవిడ తలుపు తెరిచి నిలబడ్డారు. "లోపలికి రా. కాగితాలు పాడవుతాయి" అన్నారు. వెళ్లాను. కాగితాల కోసమే వెళ్లాను. ఆ చరణం సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎందుకు ఇవ్వలేదన్న ప్రశ్న మాత్రం నాలో అలాగే ఉండిపోయింది. ఎప్పటికైనా అడగాలి, ఆవిడ నోటితోనే జవాబు వినాలి అనుకున్నాను.

ఇంకో ఆరేళ్లకు ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట పడిపోయింది. ఏది అడిగినా "అది... అది" అనేవారు, అంతే. లీల పెద్దాపురం నుంచి వచ్చి ఉండిపోయింది. నేను చూడ్డానికి వెళ్లాను. మంచం మీద ఆవిడ నన్ను చూసి, "అది... అది" అన్నారు. ఆ కాసేపూ నేను ఆవిడ కష్టం గురించి ఆలోచించలేదు. నా జవాబు పోయింది అనుకున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, కానీ అనుకున్నది అదే.

రెండో వారం వెళ్లినప్పుడు వసారాలో కూర్చుని ఉన్నాను. లోపల లీల ఆవిడకు ఒళ్లు తుడుస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఉన్నట్టుండి రెండో గొంతు కలిసింది. 'చూడరండి, రాయి లేదే.' మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఒక్క అక్షరం తొట్రుపడలేదు. నేను లేచి లోపలికి వెళ్లేసరికి లీల తడిగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అక్కా, విన్నావా? నీళ్లు కావాలంటే నీళ్లని అనలేకపోతోంది. పాట ఎలా అంది?"

నాకూ తెలియదు. కానీ ఒకటి తట్టింది. ఆ మాటలు ఆవిడకు మాటల్లా రావడం లేదు, వరస పట్టుకుని వస్తున్నాయి. అయితే వరస అలాగే ఉంచి, మాటలు మార్చాలి. ఆ పని నాకు తెలుసు. గోడ పక్కన చేట తీశాను. ఆ చరణం మొదటి వరుస పేర్చాను. పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది, పెద్దది, చిన్నది, చివర రెండూ పెద్దవి. కింద కొత్త చీటీలు పెట్టాను. కాస్, త, నీళ్, లు, ఇవ్, వు, లీ, లా. చేట ఆవిడ ఒళ్లో పెట్టి, ఎడమ చెయ్యి పట్టుకుని తొడ మీద తట్టించాను. మొదటి రోజు రాలేదు. రెండో రోజు సగం వచ్చింది. నాలుగో రోజు 'కాస్త నీళ్లు ఇవ్వు లీలా' అని మొత్తం ఆ వరసలో పాడారు. లీల నీళ్ల గ్లాసు తెస్తూ సగం ఒలకబోసింది. ఆ తరవాత 'ఫ్యాను కాస్త ఆపు లీలా', 'వీపు కాస్త రుద్దు లీలా'. ఆఫీసు నుంచి వస్తూ రోజుకో వరుస పేర్చి పెట్టి వెళ్లేదాన్ని. ఏం కావాలన్నా ఆవిడ ఈస్టరు వరసలోనే అడిగేవారు. ఇంటికి వచ్చినవాళ్లు నవ్వాలో ఏడవాలో తెలియక కూర్చునేవారు. కానీ సొంతంగా ఒక్క మాట కూడా వచ్చేది కాదు. చీటీలు పెడితేనే పాట.

చీటీలు పెట్టేది నేను. ఆ సంగతి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా తలకెక్కింది. నేను ఏది పేరిస్తే ఆవిడ నోట అదే వస్తుంది. లీల వంటింట్లో పిండి కలుపుతోంది. గదిలో మేమిద్దరమే. ఎనిమిది చీటీలు రాశాను. నీ, కె, ఇచ్, చి, ఉం, టె, బా, గు. నీకె ఇచ్చి ఉంటె బాగు, 'కే', 'టే' రెండూ చిన్న గింజ కోసం పొట్టి చేసి. ఇన్నేళ్లుగా నేను వినాలనుకున్న మాట. చివరి 'గు' చిన్న అక్షరమని, దాన్ని పెద్ద గింజ కింద పెట్టానని నాకు తెలుసు. ఒక్క అక్షరానికి ఏముందిలే అనుకున్నాను. చేట ఆవిడ ఒళ్లో పెట్టాను.

ఆవిడ చాలాసేపు చూశారు. తరవాత ఎడమచేతి చూపుడువేలితో ఆ 'గు' చీటీని పైకి తీసి పక్కన పెట్టారు.

"కొంచెం లాగండి, ఏం కాదు" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూశారు. గారెలు తిన్ననాడు చూసిన చూపే అది. అరచేతిని అడ్డంగా తిప్పి, మిగతా ఏడు చీటీలనూ చేట అంచుకు నెట్టేశారు. గింజలు మాత్రమే మిగిలాయి. ఎడమచేత్తో తొడ మీద తట్టడం మొదలుపెట్టారు. కళ్లు మూసుకున్నారు. మెల్లిగా, వరస తప్పకుండా పాడారు.

"నీకు పాట రాదు, రత్నం."

లీల పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. చేటలో చీటీలు లేకపోవడం చూసింది. "సొంతంగా అన్నావా అత్తా? అక్కా, తనే అందా? నువ్వేం పెట్టలేదా?" అంటూ మంచం పక్కన కూలబడి ఆవిడను పట్టుకుని ఏడ్చేసింది. కాసేపటికి తేరుకుని కళ్లు తుడుచుకుంటూ, "ఇంతకీ ఏమంది?" అని అడిగింది.

"నాకు పాట రాదంది."

లీల ముక్కు ఎగబీల్చింది. "అది అందరికీ తెలిసిందేగా అక్కా" అంది.

నేను ఎస్తేరమ్మ గారి వైపు తిరిగాను. "మరి మొదటి రోజే చెప్పొచ్చుగా అండి" అన్నాను. ఆవిడ "అది... అది" అన్నారు. ఎడమచేత్తో ఖాళీ చీటీల కట్ట నా వైపు జరిపారు, ఇంకా రాయమన్నట్టు. ఏడుస్తూనే రాశాను. ఆ రోజు నుంచి ఆవిడకు మాటలు ఒకటొకటిగా సొంతంగా రావడం మొదలైంది, అన్నీ ఆ ఒక్క వరసలోనే. రెండేళ్లు అలా మాట్లాడి పోయారు.

ఎందుకు చెప్పలేదో తరవాత ఆలోచిస్తే తెలియక పోలేదు. మొదటి రోజే చెప్పి ఉంటే నేను ఆ గడప మళ్లీ తొక్కేదాన్ని కాదు. ఇప్పుడు కూడా చర్చిలో నేను ఆఖరి వరసలోనే నిలబడతాను, పెదాలు మాత్రం కదుపుతాను. పక్కవాళ్లు మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే ఉలిక్కిపడతాను. అర్జీ రాసినా, చుట్టాలకు ఉత్తరం రాసినా, తట్టి చూసుకోకుండా పంపలేను. అయినా ఇరవై ఏళ్లు నన్ను ఆశతో ఉంచడం తప్పే. ఆ ఫిర్యాదు ఇప్పటికీ వెనక్కి తీసుకోలేదు. దాన్ని నిలబెట్టుకోవాలనే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆవిడ అన్న మాటను చేటలో పేర్చి చూస్తుంటాను. ఎక్కడైనా తొందరపడ్డారా, కోపంలో ఏ అక్షరమైనా పొట్టిగా తెంపేశారా అని వెతుకుతాను. నీ పెద్ద గింజ కింద. కు చిన్న గింజ కింద. పా, ట, రా, దు, అలాగే. చివర నా పేరుకు రెండు పెద్ద గింజలు, రెండూ నిండుగా, ఎంతసేపు ఉంచాలో అంతసేపు ఉంచి పాడారు. ఎన్నిసార్లు చూసినా జరపవలసిన చీటీ ఒక్కటీ కనిపించలేదు.